గ్రామసభలో అడిగిన మాట పుస్తకంలోకి ఎక్కాలంటే

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పంచాయతీ వ్యవహారాల మీదే ఉన్నాయి. రెండు తెలుగు రాష్ట్రాల నుంచీ వచ్చాయి. ఒకే రకం ప్రశ్నలను కలిపి, అవసరమైన చోట వివరంగా, మిగతా చోట్ల క్లుప్తంగా జవాబులిస్తున్నాం.

మా ఊళ్ళో గ్రామసభ ఎప్పుడు జరుగుతుందో ఎవరికీ తెలియదు. పుస్తకంలో మాత్రం జరిగినట్టే సంతకాలుంటాయి. వేరే పని కోసం తీసుకున్న సంతకాలను అందులో చూపిస్తున్నారని అనుమానం. ఏం చేయాలి? (ఒక యువ రైతు)

ముందు మీ ఊరికి ఏ లెక్క వర్తిస్తుందో చూసుకోండి. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకు ఒకసారైనా గ్రామసభ జరగాలి. అంటే ఏడాదికి ఆరు. ఎంతమంది హాజరు కావాలో కూడా చట్టమే చెప్పింది. ఓటర్లు 500 లోపుంటే 50 మంది, 1000 వరకు 75, 3000 వరకు 150, 5000 వరకు 200, 10,000 వరకు 300, ఆపైన 400 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 1994 చట్టం నడుస్తోంది. అక్కడ ఏప్రిల్ 14, అక్టోబర్ 3 సభలు చాలాకాలంగా ఖాయమైనవి. ఇవి కాక ప్రభుత్వం ప్రత్యేక సభలు కూడా పెట్టిస్తుంటుంది. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు జరిపినవి అలాంటివే. గ్రామసభ పెట్టని సర్పంచ్ పదవికే ముప్పు వచ్చే నిబంధన ఉంది కాబట్టే, సభ జరగకపోయినా జరిగినట్టు కాగితం పుట్టించే అలవాటు కొన్నిచోట్ల పాతుకుపోయింది.

కాగితం మీద పుట్టిన సభను కాగితంతోనే పట్టుకోవాలి. పంచాయతీ కార్యదర్శికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టి గత రెండేళ్ళ గ్రామసభలకు సంబంధించి నాలుగు కాగితాలు అడగండి: ఎజెండాతో కూడిన సభ నోటీసు, చాటింపు వేసిన మనిషికి డబ్బు చెల్లించిన వోచరు, హాజరు సంతకాల పేజీలు, తీర్మానాల పేజీలు. ఇందులో రెండోది చాలామందికి తట్టదు. సభ నిజంగా జరిగితే దండోరా వేసినవారికి కూలి ఇచ్చి ఉంటారు, ఆ ఖర్చు నగదు పుస్తకంలో కనిపిస్తుంది. మైకులో చాటించారంటే ఎవరి మైకు, ఏ రోజు అన్నది చెప్పగలగాలి. సంతకాల పేజీలు చేతికొచ్చాక వాటిని ఓటరు జాబితాతో పోల్చండి. ఆ తేదీకి చనిపోయినవారు, గల్ఫ్‌లోనో మరో ఊళ్ళోనో ఉన్నవారు, ఒకే చేతి రాతలో వరసగా పడ్డ పేర్లు కనిపిస్తే వాటి కింద గీత పెట్టి జిరాక్స్ తీయండి. దాన్ని ఎంపీడీవోకు ఇచ్చి, ఒక ప్రతి జిల్లా పంచాయతీ అధికారికి పంపండి. రెండు చోట్లా ముట్టినట్టు స్టాంపు, తేదీ వేయించుకోండి. స్టాంపు లేని వినతిపత్రానికి విలువ లేదు.

ముందు ముందు ఇలా జరగకుండా ఉండాలంటే ఒక చిన్న పని చాలా మేలు చేస్తుంది. సభ ముగియగానే చివరి సంతకం కింద అడ్డగీత గీయించి, 'మొత్తం హాజరు 162, నూట అరవై రెండు మంది' అని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయించండి. దాని కింద సర్పంచ్, కార్యదర్శి సంతకాలు పెట్టించండి. తీర్మానాలు రాసిన చివరి పేజీకీ అంతే. ఖాళీ వరసలు వదలనివ్వకండి. తరవాత పేర్లు చేర్చేదీ తీర్మానాలు ఇరికించేదీ ఆ ఖాళీల్లోనే. అక్కడికక్కడే ఫోనుతో ఆ పేజీల ఫొటో తీసుకోండి, అది ప్రజల రికార్డు.

సభ పెట్టమని ఓటర్లు రాతపూర్వకంగా కోరవచ్చు. ఓటర్లలో పదో వంతుకు తగ్గకుండా సంతకాలు ఉండేలా చూసుకోండి. ప్రతి సంతకం పక్కన ఓటరు జాబితాలోని వరస సంఖ్య రాస్తే, వీళ్ళంతా ఎవరో తెలియదని పక్కన పెట్టే వీలుండదు.

ప్రతి గ్రామసభలోనూ మురుగు కాలువ అడుగుతున్నాం. రాసుకుంటామంటారు. మూడేళ్ళయినా కాలువ రాలేదు. గ్రామసభ తీర్మానానికి అసలు విలువ ఉందా? (పొదుపు సంఘం అధ్యక్షురాలు)

ఉంది. కానీ మీరు అడిగింది ఏ మాటల్లో పుస్తకంలోకి ఎక్కిందో ఒకసారి చదవండి. చాలా ఊళ్ళ తీర్మానాల పుస్తకాల్లో 'గ్రామంలో మురుగు కాలువలు, సీసీ రోడ్లు, వీధి దీపాలు ఏర్పాటు చేయవలెనని సభ్యులు కోరిరి' అనే ఒక్క వాక్యం ఏళ్ళ తరబడి అదే మాటల్లో కనిపిస్తుంది. ఇది తీర్మానం కాదు, కోరికల జాబితా. దీని ఆధారంగా ఇంజనీరు అంచనా వేయలేడు, ప్రణాళికలో పెట్టడానికి వరస దొరకదు, ఎవరూ బాధ్యత తీసుకోరు.

పని జరగాలంటే తీర్మానంలో ఐదు సంగతులు ఉండాలి. ఎక్కడ నుంచి ఎక్కడి వరకు, ఎన్ని మీటర్లు, ఎవరి స్థలం మీదుగా, ఏ నిధి నుంచి, ఎన్నో ప్రాధాన్యం. ఉదాహరణకు: '3వ వార్డులో పాఠశాల మూల నుంచి ఊరి చివరి కల్వర్టు వరకు 110 మీటర్ల మురుగు కాలువ, పంచాయతీ దారి వెంట, పారిశుద్ధ్య నిధి నుంచి, వచ్చే ఏడాది ప్రణాళికలో మొదటి ప్రాధాన్యంగా చేర్చుటకు సభ తీర్మానించినది.' ఇలా రాయాలంటే సభకు వారం ముందే నలుగురు వెళ్ళి టేపుతో కొలవాలి. నీళ్ళు ఏ వాలున పోతాయో, చివర ఎక్కడ కలుస్తాయో చూడాలి. కాలువల విషయంలో ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. మొదలు అందరూ చూస్తారు, చివర ఎవరూ చూడరు. చివర దారి లేని కాలువ ఎవరి ఇంటి ముందో మడుగు కడుతుంది, ఆ ఇంటివారు అడ్డం పడతారు, పని ఆగిపోతుంది. ఆ చివరి రెండు ఇళ్ళవాళ్ళను ముందే పిలిచి మాట్లాడి, ఇంకుడు గుంటో కల్వర్టో ఏదో ఒకటి తేల్చుకుని సభకు రండి.

రెండో కారణం సమయం. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక వచ్చే ఆర్థిక సంవత్సరం కోసం ముందుగా తయారవుతుంది. 2018 నుంచి దీనికోసం దేశమంతటా అక్టోబర్ 2న మొదలుపెట్టి ప్రత్యేక ప్రచారం నడుపుతున్నారు. అంటే అక్టోబర్ నుంచి చలికాలం ముగిసేలోపు జరిగే సభల్లో మీ కాలువ ఎక్కాలి. జూన్‌లో వానలు పడి వీధి మునిగాక అడిగితే ఆ ఏడాది ప్రణాళిక అప్పటికే ముగిసి ఉంటుంది. ప్రణాళికలో లేని పనికి కేంద్రం నుంచి పంచాయతీలకు వచ్చే ఆర్థిక సంఘం నిధుల నుంచి బిల్లు పెట్టడం కుదరదు.

మూడోది నిధి. 15వ ఆర్థిక సంఘం కింద 2021-22 నుంచి 2025-26 వరకు గ్రాంటులో 60 శాతానికి షరతులుండేవి. అందులో సగం తాగునీరు, వాననీటి సంరక్షణకు, మిగతా సగం పారిశుద్ధ్యానికి. తక్కిన 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకునే వీలుండేది, జీతాలకు, కార్యాలయ ఖర్చులకు మాత్రం వాడకూడదు. మీరు అడిగింది మురుగు నీటి సమస్యగా రాస్తే షరతుల నిధిలో చోటు దొరుకుతుంది. 'రోడ్డు పక్క డ్రైన్' అని రాస్తే షరతులు లేని నిధిలో వీధి దీపాలతో, భవన మరమ్మతులతో పోటీ పడాలి. పేరు మార్చి మోసం చేయమని చెప్పడం లేదు. మీ కాలువ నిజంగా మురుగు కోసమే అయితే ఆ మాటే రాయించండి.

సభ ముగిశాక పదిహేను రోజులకు తీర్మానం నకలు తీసుకోండి. తరవాత అది ఈ-గ్రామస్వరాజ్ వెబ్‌సైటులో మీ పంచాయతీ ప్రణాళికలోకి చేరిందో లేదో చూడండి. అక్కడ రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ ఎంచుకుంటే ప్రణాళిక ఎవరికైనా కనిపిస్తుంది. చేరకపోతే అడగాల్సింది 'మా కాలువ ఎప్పుడు?' అని కాదు. 'ఫలానా తేదీ ఫలానా సంఖ్య తీర్మానాన్ని ప్రణాళికలో ఎందుకు చేర్చలేదు?' అని రాతపూర్వకంగా అడగండి. ఈ ప్రశ్నకు జవాబు రాయక తప్పదు.

మా వీధిలో సీసీ రోడ్డు వేస్తున్నారు. నాణ్యత చూడాలని ఉంది కాని మాకు ఇంజనీరింగ్ తెలియదు. కాంట్రాక్టరు మమ్మల్ని దగ్గరకు రానివ్వడం లేదు. (నలుగురు స్నేహితులు)

ఇంజనీరింగ్ రాకపోయినా చూడగలిగినవి చాలా ఉన్నాయి. మొదట పని అంచనా నకలు తెచ్చుకోండి. అందులో పొడవు, వెడల్పు, మందం, కాంక్రీటు రకం ఉంటాయి. మీ ఊరి అంచనాలో ఏ అంకెలుంటే అవే ప్రమాణం. ఇక్కడ ఉదాహరణకు 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం, ఎం20 కాంక్రీటు అనుకుందాం.

100 × 3 × 0.15 అంటే 45 ఘనపు మీటర్లు. 1:1½:3 పాళ్ళలో (సిమెంటు, ఇసుక, కంకర) ఎం20 కలిపితే ఘనపు మీటరుకు సుమారు 8 సిమెంటు బస్తాలు పడతాయి. మొత్తం 360 బస్తాలు. మందం 10 సెంటీమీటర్లే వేస్తే కాంక్రీటు 30 ఘనపు మీటర్లకు, సిమెంటు 240 బస్తాలకు పడిపోతుంది. అంటే 120 బస్తాలు, దానికి తగ్గ ఇసుక, కంకర మిగిలిపోతాయి. అందుకే సీసీ రోడ్డులో మోసం ఎక్కువగా మందం దగ్గరే జరుగుతుంది.

అది కూడా అంచుల్లో జరగదు. పక్కన కట్టిన షట్టరింగ్ ఎత్తు 15 సెంటీమీటర్లు సరిగ్గానే ఉంటుంది, చూసినవాళ్ళు తృప్తిపడి వెళ్ళిపోతారు. లోపల మట్టి మధ్యలో ఉబ్బెత్తుగా వదిలేస్తారు. పైన నున్నగా, కింద డొల్లగా, మధ్యలో 9 లేదా 10 సెంటీమీటర్లు మాత్రమే ఉంటుంది. పట్టుకునే పద్ధతి సులువు. కాంక్రీటు పోయకముందే రెండు పక్కల షట్టరింగ్ పైఅంచుల మీదుగా దారం బిగించి లాగండి. దారం నుంచి కింద నేల వరకు ఎడమ అంచున, మధ్యలో, కుడి అంచున టేపుతో కొలవండి. రోడ్డు నడుమ కొద్దిగా ఎత్తుండి పక్కలకు వాలాలి కాబట్టి, 3 మీటర్ల రోడ్డుకు పైభాగం నడుమ అంచుకన్నా సుమారు 3 సెంటీమీటర్లు లేస్తుంది. కింది నేల కూడా అదే వాలులో ఉంటే నడుమ కొలత దారానికి 12 వస్తుంది, అది సరైనదే. 7 లేదా 8 వస్తే మట్టి తవ్వించాలి. ప్రతి 10 మీటర్లకు ఒకసారి ఇలా కొలిచి నోటు పుస్తకంలో రాసి, టేపు కనిపించేలా ఫొటో తీయండి.

కలిపేటప్పుడు చూడాల్సింది నీళ్ళు. బస్తా సిమెంటుకు 25 లీటర్లు, అంటే దాదాపు ఒకటిన్నర బక్కెట్టు. ఇసుక తడిగా ఉంటే ఇంకా తక్కువ చాలు. పరవడం తేలికని పనివాళ్ళు నీళ్ళు ఎక్కువ పోస్తారు. జారుగా పాకే కాంక్రీటు ఎండాక పైన పొడి రాలుతుంది, ఏడాది తిరక్కముందే కంకర బయటపడుతుంది. ఇసుక, కంకర పారతో అంచనాగా కాకుండా బస్తా కొలతకు సరిపోయే 35 లీటర్ల పెట్టెతో కొలిచి వేస్తున్నారా చూడండి. బస్తాకు ఒకటిన్నర పెట్టెల ఇసుక, మూడు పెట్టెల కంకర. రెడీమిక్స్ లారీ వస్తే దాని చలానా అడిగి, రకం, బయలుదేరిన సమయం రాసుకోండి.

పరిచాక నాలుగైదు మీటర్లకు ఒక అడ్డ గాడి లేకపోతే రోడ్డే తనకు తోచిన చోట పగులుతుంది. ఎండాకాలంలో మొదటిరోజు తడి గోనెలు కప్పాలి, మర్నాటి నుంచి మట్టి మడులు కట్టి కనీసం 14 రోజులు నీళ్ళు నిలపాలి. ఈ నీళ్ళు కట్టే బాధ్యత కాంట్రాక్టరు కూలీలు వెళ్ళిపోయాక ఎవరిదీ కాకుండా పోతుంది. వీధివాళ్ళు వంతులేసుకుని కట్టుకుంటే ఆ రోడ్డు ఆయుష్షు మీ చేతుల్లో ఉన్నట్టే.

ఇంకొక్క సంగతి. రోడ్డు పోయకముందే కుళాయి పైపుల కోసం అడ్డంగా గొట్టాలు వేయించండి. ఇంటికి ఒకటి కాకపోయినా నాలుగిళ్ళకు ఒకటి. లేకపోతే ఆర్నెల్లలో కొత్త కనెక్షన్ కోసం కొత్త రోడ్డు కోస్తారు.

దగ్గరకు రానివ్వడం లేదన్నారు. కాంట్రాక్టరుతో గొడవపడకండి. సర్పంచ్‌కు, ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకు) 'పని జరిగే రోజుల్లో వీధివాసులం కొలతలు రాసుకుంటాం, లోపాలుంటే మీ దృష్టికి తెస్తాం' అని ఒక కాగితం ఇచ్చి ముట్టినట్టు తీసుకోండి. లోపం కనబడితే అదే రోజు ఏఈకి ఫోను చేసి, సాయంత్రానికల్లా రాతలో పంపండి. ఎంబీలో (ఇంజనీరు కొలతల పుస్తకంలో) కొలతలు ఎక్కి బిల్లు అయ్యాక వచ్చే ఫిర్యాదుకు బలం సగానికి సగం తగ్గిపోతుంది.

నేను వార్డు సభ్యురాలిని. పంచాయతీ సమావేశానికి పిలుపు రాదు, ఇంటికి పుస్తకం పంపి సంతకం పెట్టమంటారు. సర్పంచ్ కూడా మహిళే, కుర్చీలో ఆమె భర్త కూర్చుంటారు. (తెలంగాణ నుంచి)

ఇంటికి వచ్చిన పుస్తకంలో సంతకం పెట్టకండి. ఇప్పటికే పెట్టి ఉంటే, ఇకపై నోటీసు లేకుండా సంతకం చేయనని కార్యదర్శికి ఉత్తరం రాయండి. రెండు రాష్ట్రాల్లోనూ పంచాయతీ పదవుల్లో సగం మహిళలకు కేటాయించారు. ఆ సీటులో భర్తకు, కొడుక్కు, మరిదికి చట్టంలో ఏ స్థానమూ లేదు. సమావేశానికి వెళ్ళాక మీరు ఒప్పుకోని తీర్మానం వస్తే మౌనంగా ఉండకుండా 'నా అసమ్మతి రాయండి' అని అడిగి, మీ పేరుతో రాయించి, దాని పక్కనే సంతకం చేయండి. లెక్కల్లో తేడా వచ్చి విచారణ జరిగిన రోజున మిమ్మల్ని కాపాడేది ఆ ఒక్క వాక్యమే.

తెలంగాణలో చెక్కు మీద సర్పంచ్‌తో పాటు ఉప సర్పంచ్ సంతకం కూడా ఉండాలి. కాబట్టి మీ తోటి సభ్యుల్లో ఇద్దరు ముగ్గురితోనూ, ఉప సర్పంచ్‌తోనూ ముందే మాట్లాడుకుని వెళ్ళండి. ఒంటరి గొంతును పక్కకు నెట్టేస్తారు, ముగ్గురు ఒకే ప్రశ్న అడిగితే రాయక తప్పదు. గ్రామసభకు ఒకట్రెండు రోజుల ముందు మహిళా సంఘాల సమావేశంలోనే మీ వార్డు అవసరాలు తేల్చుకుని, ఆ కాగితం ఎజెండాలో పెట్టించండి. సర్పంచ్‌ను కూడా ఆ సమావేశానికి పిలవండి. భర్త నీడలో ఉన్నవారిలో చాలామంది ఆడవాళ్ళ మధ్య నోరు విప్పుతారు, తరవాత కుర్చీలోనూ కూర్చుంటారు. ఆమెను శత్రువుగా చూడకండి.

పంచాయతీకి ఎంత డబ్బు వచ్చింది, దేనికి ఖర్చయింది, సామాన్యుడు తెలుసుకునే దారి ఏది? (విశ్రాంత ఉపాధ్యాయుడు)

ఆర్థిక సంఘం నిధుల ఖర్చు ఈ-గ్రామస్వరాజ్‌లో వోచర్లతో సహా ఉంటుంది. ఎవరి ఖాతాకు, ఏ తేదీన, ఎంత వెళ్ళిందో కనిపిస్తుంది. ఒకే సరుకుకు, ఒకే వ్యక్తికి చిన్న చిన్న మొత్తాలుగా వరస చెల్లింపులు కనిపిస్తే వాటిని గుర్తు పెట్టుకోండి. పెద్ద మొత్తానికి కావాల్సిన అనుమతి తప్పించుకోవడానికి బిల్లును ముక్కలు చేయడం పాత పద్ధతి.

ఇంటి పన్ను లాంటి సొంత రాబడి మాత్రం అందులో పూర్తిగా తేలదు. దానికి సమాచార హక్కు చట్టమే దారి. రెండు రాష్ట్రాల్లోనూ గ్రామ స్థాయి కార్యాలయానికి దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై కార్యాలయాలకు 10 రూపాయలు. నకళ్ళకు పేజీకి 2 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోయినా, వచ్చింది సరిపోకపోయినా 30 రోజుల్లోగా మొదటి అప్పీలు, దాని తరవాత 90 రోజుల్లోగా సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. అప్పీలు అధికారి హోదా కార్యాలయం గోడ మీది బోర్డులో ఉండాలి. బోర్డు లేదంటే మీ మొదటి దరఖాస్తులో అదే అడగవచ్చు.

'పంచాయతీ పూర్తి లెక్కలు ఇవ్వండి' అని అడిగితే ఏమీ రాదు. 'ఫలానా నెల నుంచి ఫలానా నెల వరకు నగదు పుస్తకం నకలు', 'ఇంటి పన్ను డిమాండు రిజిస్టరులో మొదటి, చివరి పేజీలు, బకాయిల మొత్తం' అంటూ రిజిస్టరు పేరుతో అడగండి. పేజీలు ఎక్కువైతే నకళ్ళకు బదులు రికార్డు చూసే అవకాశం కోరండి. మొదటి గంట ఉచితం. లెక్కలు తెలిసిన మనిషిని వెంట తీసుకెళ్ళి అవసరమైన పేజీలకే నకలు తీసుకుంటే డబ్బూ సమయమూ కలిసొస్తాయి.

మా ఊరి గ్రామాభివృద్ధి కమిటీ ఒక కుటుంబానికి జరిమానా వేసి, కట్టలేదని పలకరింపులు కూడా బంద్ చేయించింది. కమిటీకి ఆ అధికారం ఉందా? (ఉత్తర తెలంగాణ నుంచి)

లేదు. ఊరి పెద్దలు కలిసి పెట్టుకునే గ్రామాభివృద్ధి కమిటీకి పంచాయతీరాజ్ చట్టంలో స్థానం లేదు. చందాలతో గుడి కట్టినా, బావి తవ్వినా మంచిదే. పన్ను వేయడం, జరిమానా విధించడం, వ్యాపారాలు వేలం వేయడం, బహిష్కరించడం దాని పని కాదు. బాధితులు ఎస్సీ, ఎస్టీలైతే, బాధించినవారు ఆ వర్గాలకు చెందనివారైతే సాంఘిక లేదా ఆర్థిక బహిష్కరణ 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. 2015 సవరణ దీన్ని స్పష్టంగా రాసింది. మిగతా వారి విషయంలోనూ బెదిరించి డబ్బు వసూలు చేయడం నేరమే. ఎవరు, ఏ రోజు, ఎవరి ముందు ప్రకటించారు, ఏ దుకాణం సరుకు ఇవ్వలేదు అన్న వివరాలతో పోలీసు ఫిర్యాదు ఇవ్వాలి. ఒక ప్రతి తహసీల్దారుకు ఇవ్వండి. పైగా ఆ కుటుంబంతో ఊళ్ళో ఎవరో ఒకరు పట్టపగలు నలుగురి ముందు మాట్లాడాలి. బహిష్కరణ సగం భయంతోనే నిలబడుతుంది.

మాది ఏజెన్సీ ప్రాంతం. మా గూడెం పంచాయతీలో చివర ఉంది, సభలన్నీ పంచాయతీ కేంద్రంలోనే పెడతారు. (ఒక గిరిజన యువకుడు)

షెడ్యూల్డ్ ప్రాంతాలకు 1996 పెసా చట్టం (పంచాయతీల విస్తరణ చట్టం) వర్తిస్తుంది. దానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో నియమాలు వచ్చాయి. ఈ చట్టంలో గ్రామం అంటే పంచాయతీ కాదు, తమ ఆచారాల ప్రకారం వ్యవహారాలు నడుపుకునే ఆవాసం. కాబట్టి మీ గూడేనికి సొంత గ్రామసభ ఉండవచ్చు. భూసేకరణకు ముందు ఆ సభను సంప్రదించాలి, చిన్నతరహా ఖనిజాల లీజుకు సిఫారసు కావాలి, అటవీ ఫలసాయం మీద సభకు యాజమాన్యం ఉంది. పక్కనే ఒడిశాలోని నియమగిరిలో 2013లో సుప్రీంకోర్టు ఆదేశంతో 12 గ్రామసభలు జరిగాయి. అవన్నీ గని తవ్వకాన్ని తిరస్కరించాయి, గని ఆగింది. ముందుగా మీ గూడెం పెసా గ్రామంగా నోటిఫై అయిందో లేదో ఎంపీడీవో కార్యాలయంలో చూసుకోండి. కాకపోతే ఆవాసంలోని ఓటర్ల సంతకాలతో కలెక్టరుకు, ఐటీడీఏకు (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థకు) కోరిక పెట్టండి.

మా ఊళ్ళో నీటి కమిటీ పేరుకే ఉంది. ట్యాంకులో బ్లీచింగ్ వేస్తున్నారో లేదో తెలియదు. కమిటీ సభ్యులుగా మేమేం చేయగలం? (ముగ్గురు సభ్యురాళ్ళు)

ఇంటింటికీ కుళాయి నీళ్ళిచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ మార్గదర్శకాల ప్రకారం గ్రామ నీటి, పారిశుద్ధ్య కమిటీ పంచాయతీకి ఉపసంఘం. 10 నుంచి 15 మంది సభ్యులు, వారిలో సగం మంది మహిళలు ఉండాలి. నీటి పరీక్ష కిట్టు మీద ప్రతి ఊళ్ళో ఐదుగురు మహిళలకు శిక్షణ ఇవ్వాలి. మీ ఊరి ఐదుగురు ఎవరో, కిట్టు ఎక్కడుందో ముందు తేల్చండి. చాలాచోట్ల అది పంచాయతీ బీరువాలో సీలు విప్పకుండా, అందులోని రసాయనాల గడువు దాటిపోయి దొరుకుతుంది.

బ్లీచింగ్ లెక్క ఇది. మంచి పొడి అయితే 1000 లీటర్లకు 2.5 గ్రాములు. 40,000 లీటర్ల ట్యాంకుకు 100 గ్రాములు. సంచి విప్పి గాలి తగిలిన పొడికి బలం తగ్గుతుంది కాబట్టి 130 నుంచి 150 గ్రాముల దాకా పట్టవచ్చు. పొడిని నేరుగా ట్యాంకులో చల్లకూడదు. ప్లాస్టిక్ బక్కెట్టులో కొద్ది నీళ్ళతో ముద్దగా కలిపి, నీళ్ళు నింపి, పది పదిహేను నిమిషాలు కదపకుండా ఉంచాలి. అడుగున సున్నం పేరుతుంది. పైన తేట మాత్రమే ట్యాంకులో పోయాలి. సున్నంతో సహా పోస్తే వాల్వులు పట్టేస్తాయి, నీళ్ళు తెల్లగా వస్తాయి, జనం వద్దంటారు, దాంతో వేయడమే మానేస్తారు. పోశాక గంట ఆగి నీళ్ళు వదలాలి.

వేశారో లేదో తెలిసేది ట్యాంకు దగ్గర కాదు, ఊరి చివరి కుళాయి దగ్గర. అక్కడ కిట్టుతో చూస్తే క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. ట్యాంకు దగ్గర ఉండి చివర సున్నా వస్తే దారిలో పైపు ఎక్కడో మురుగులో కారుతోందని అనుమానించాలి. కాలువ పక్కగా, కాలువ లోంచి పోయే పైపుల అతుకులు ముందు చూడండి. రెండు చోట్లా సున్నా అయితే పొడి బలం పోయి ఉండాలి, లేదా వేయనే లేదు.

ఒక నోటు పుస్తకంలో తేదీ, పొడి గ్రాములు, చివరి కుళాయి అంకె, చూసిన సభ్యురాలి సంతకం అనే నాలుగు గడులు గీసి వారానికి రెండుసార్లు నింపండి. గ్రామసభలో 'నీళ్ళు బాగోలేవు' అంటే వాదన మొదలవుతుంది. 'గత నెల 8 సార్లు చూస్తే 5 సార్లు సున్నా' అని పుస్తకం చూపిస్తే పైపు మార్పిడి తీర్మానం రాస్తారు. వరంగల్ జిల్లా గీసుకొండ మండలంలోని గంగదేవిపల్లి ఆదర్శ గ్రామంగా పేరు తెచ్చుకుంది పనికో కమిటీ చొప్పున ఊరివాళ్ళే బాధ్యతలు పంచుకోవడం వల్లనే, నీటి కమిటీ అందులో ఒకటి.

ఉద్యోగరీత్యా హైదరాబాద్‌లో ఉంటున్నాను. ఊరి గ్రామసభలో మాట్లాడే హక్కు నాకుందా?

రాజ్యాంగం ప్రకారం గ్రామసభ అంటే ఆ పంచాయతీ ఓటరు జాబితాలో పేరున్నవారు. ఓటు ఊళ్ళోనే ఉంటే మీరు సభ్యులే, హాజరై మాట్లాడవచ్చు, సంతకం చేయవచ్చు. హైదరాబాద్‌కు మార్చుకుని ఉంటే హాజరు లెక్కలోకి రారు. అప్పుడు కూడా పంచాయతీకి వినతి పంపవచ్చు, సమాచార హక్కు దరఖాస్తు పెట్టవచ్చు, కొలతలూ లెక్కలూ సరిచూడటంలో ఊళ్ళో ఉన్నవారికి సాయపడవచ్చు. ఊళ్ళో మీ ఇల్లుంటే పన్ను బకాయి లేకుండా కట్టి రసీదు దగ్గర ఉంచుకోండి.